షెడ్డు కుక్క ఒంట్లో సీసం: నేల మీది దుమ్ము నెత్తుట్లోకి చేరే దారి

క్లుప్తంగా

బ్యాటరీ షాపులు, రేడియేటర్ పనులు, గుజిరీ కొట్లు, వెల్డింగ్ షెడ్ల చుట్టూ బతికే కుక్కలను ఎక్కువగా దెబ్బతీసే లోహాలు రెండు: సీసం, జింకు. సీసం ఎక్కువగా దుమ్ము రూపంలో, జింకు మింగిన ముక్కల రూపంలో ఒంట్లోకి చేరతాయి. సీసం ఎక్కిన కుక్కను చూసి రేబిస్ అనుకుంటారు, జింకు ఎక్కిన కుక్కను చూసి పిడుదుల జ్వరం అనుకుంటారు. సీసం పరీక్షకు మొత్తం రక్తం కావాలి, కణాలు తీసేశాక మిగిలే సీరంతో కుదరదు. కుక్క పడుకునే నేల బాగుపడకపోతే చేసిన వైద్యం నిలవదు. కుక్క రక్తంలో అంకె పెరిగితే అదే నేల మీద కూర్చుని పనిచేసేవాళ్లకు, వాళ్ల పిల్లలకు కూడా పరీక్ష చేయించాలి.

ఏ పని దగ్గర ఏ లోహం

తిరుపతి ఆటోనగర్‌లో, రేణిగుంట రోడ్డులో, చిత్తూరు నుంచి వేలూరు వెళ్లే దారిలో వరసగా ఉండే షెడ్ల దగ్గర కుక్కలు తప్పకుండా కనిపిస్తాయి. కొన్నిటిని కాపలాకు పెంచుతారు. మిగతావి పనివాళ్లు పెట్టే అన్నానికి మరిగి ఉండిపోయినవి. పగలు లారీ కింద నీడలో, రాత్రి షట్టర్ ముందు పడుకుంటాయి. వాటికి ఏ లోహం తగులుతుందనేది ఆ షెడ్డులో జరిగే పనిని బట్టి ఉంటుంది.

సీసం విషయంలో ముందు చూడాల్సింది బ్యాటరీ షాపు. లెడ్ యాసిడ్ బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. ఛార్జింగు పెట్టి డిస్టిల్డ్ వాటర్ పోసి పంపే షాపులో ప్రమాదం తక్కువ. పాత బ్యాటరీ డబ్బా కోసి ప్లేట్లు బయటికి తీసే చోట లెక్క మారిపోతుంది. ప్లేటు మీద పట్టించి ఉండే ముద్ద సీసపు ఆక్సైడు, సీసపు సల్ఫేటు కలిసిన మెత్తని పదార్థం. తడిగా ఉన్నంతసేపూ అది ముదురు బూడిదరంగు బురద. ఎండకు ఆరిందంటే చెప్పు తగిలినా లేచే పొడి. ప్లేట్లు కడిగిన నీళ్లు గుంటలో నిలిచి, ఇంకిపోయి, అంచున తెల్లటి చారలా మిగిలేది కూడా ఎక్కువగా సీసపు సల్ఫేటే. టెర్మినల్ పోస్టు పోయడానికి సీసం కరిగించే చోట ఇంకో రకం ముప్పు ఉంది. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. 500 డిగ్రీలు దాటాక పొగ బాగా లేస్తుంది. గ్యాస్ టార్చి మంట నేరుగా తగిలిన చోట వేడి అంతకంటే చాలా ఎక్కువ. ఆ పొగ చల్లబడి కంటికి కనపడని పొడిగా నేల మీదికే దిగుతుంది.

రేడియేటర్ పనిలో వాడే టంకంలో సీసం, తగరం కలిసి ఉంటాయి. కార్లలో ఇప్పుడు అల్యూమినియం రేడియేటర్లు వచ్చి ఈ పని తగ్గింది కానీ పాత లారీలకు, ట్రాక్టర్లకు రాగి, ఇత్తడి రేడియేటర్లు ఇంకా ఉన్నాయి. టైర్ల షాపులో చక్రానికి కొట్టే బాలెన్సింగ్ వెయిట్లలో సీసంతో చేసినవి ఊడి కింద పడి, బండ్ల కింద నలిగి రేకులవుతాయి. లేత్ మిషన్ మీద సులువుగా తెగే రకం ఇత్తడిలో సుమారు 3 శాతం సీసం కలుపుతారు కాబట్టి ఆ పొట్టు కూడా లెక్కలోకి వస్తుంది. లారీ బాడీ పనిలో పాత రంగు గీకినప్పుడు రాలే పెచ్చులు మరో సంగతి. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదని 2016లో కేంద్రం నియమం పెట్టింది. కానీ అది ఇంటి రంగులకు, అలంకరణ రంగులకే. ఇనుము తుప్పు పట్టకుండా వేసే ఎర్ర ప్రైమరు, లారీల మీది పసుపు రంగు లాంటి పారిశ్రామిక రంగులు దాని పరిధిలోకి రావు.

జింకు ప్రధానంగా జీఐ సామాన్ల నుంచి వస్తుంది. జీఐ రేకు, జీఐ పైపు, తెల్లగా మెరిసే నట్లు, వాషర్లు, ముళ్లకంచె తీగ ముక్కలు, అన్నిటి మీదా ఉన్న పూత జింకే. కూర నూనె ఒలికిన చోట పడ్డ వాషరునో, ఆడుకుంటూ నోట కరిచిన నట్టునో మింగేది చాలావరకు చిన్న వయసు కుక్కే.

మిగతా లోహాలు అరుదు. నగల పనిలో కేడీఎం అతుకుకు వాడే కాడ్మియం 767 డిగ్రీలకే మరుగుతుంది, కాబట్టి టార్చి కింద సులువుగా ఆవిరవుతుంది. పనిచేసే గదిలోనే పడుకునే పెంపుడు కుక్కకు ముప్పు ఉన్నా, వీధి కుక్కకు ఆ గదిలో చోటు దొరకదు. గుజిరీ కొట్లో పగిలిన ట్యూబులైట్ల నుంచి పాదరసం ఆవిరి వస్తుంది. మింగిన పాదరసపు బిందువును పేగు దాదాపు పీల్చుకోదు, పీల్చిన ఆవిరిలో మాత్రం సుమారు 80 శాతం రక్తంలో కలుస్తుంది. ప్లేటింగ్ షెడ్ల వెనక నారింజ పసుపు రంగులో నిలిచే నీళ్లలో క్రోమియం ఉంటుంది. ఆ నీళ్లలో తిరిగే కుక్కల అరికాళ్లకు, ముక్కుకు పుండ్లు పడతాయి. చిత్తూరుకు పొరుగునే ఉన్న రాణిపేటలో ఒక క్రోమేట్ ఫ్యాక్టరీ మూతపడి దశాబ్దాలు గడిచినా దాని వ్యర్థాల గుట్ట భూగర్భజలాన్ని పాడుచేస్తూనే వచ్చిందన్నది ఈ ప్రాంతంలో చాలామందికి తెలిసిన విషయమే.

మనిషికంటే కుక్కకు ఎందుకు ఎక్కువ

షెడ్డులో మనిషి ముక్కు నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున ఉంటుంది. కుక్క ముక్కు పడుకున్నప్పుడు నేలకే ఆనుకుని ఉంటుంది. అయినా గాలితో పోయేదానికంటే నాలుకతో పోయేది ఎక్కువ. కుక్క తన బొచ్చును, కాళ్లను నాక్కునే శుభ్రం చేసుకుంటుంది. పగలంతా ఒంటికి అంటిన దుమ్ము సాయంత్రానికి కడుపులోకి చేరుతుంది. దీనికి ఎండాకాలం తోడవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటిన రోజుల్లో కుక్కలు తడి నేల వెతుక్కుని, కాళ్లతో గీకి, ఆ గుంటలో పడుకుంటాయి. బ్యాటరీ షెడ్డులో ఎప్పుడూ తడిగా ఉండేది ప్లేట్లు కడిగే చోటే.

ఎంత దుమ్ము ఎంత హాని చేస్తుందో తెలియాలంటే ఒక లెక్క చూడాలి. ఇళ్ల నేల మీది దుమ్ములో సీసం చదరపు అడుగుకు 40 మైక్రోగ్రాములు దాటకూడదన్న హద్దును అమెరికా 2019లో 10 మైక్రోగ్రాములకు తగ్గించింది. 2024లో ఇంకా కిందికి దించింది. 10 మైక్రోగ్రాముల లెక్కనే తీసుకున్నా ఒక్క గ్రాము సీసం దుమ్మై సమంగా పరుచుకుంటే లక్ష చదరపు అడుగులు, అంటే రెండెకరాలకు పైగా నేల, ఆ హద్దును తాకుతుంది. ఇది ఇళ్లకు పెట్టిన హద్దు, షెడ్లకు వర్తించదని అనవచ్చు. కుక్కకు ఆ షెడ్డే ఇల్లు.

తిండి కూడా ఇందులో పెద్ద పాత్ర పోషిస్తుంది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు సీసం ఎక్కువగా ఒంటబడుతుంది. కాల్షియం తక్కువైనా, ఇనుము తక్కువైనా అంతే. ఇనుము చాలనప్పుడు పేగు గోడ ఇనుమును లోపలికి తీసుకునే ద్వారాలను పెంచుకుంటుంది, అవే ద్వారాల గుండా సీసం కూడా దూరుతుంది. పేగుల్లో కొక్కెం పురుగులు, ఒంటి నిండా పిడుదులు నెత్తురు తాగుతుంటే, రోజుకొకసారి రసం అన్నం మీద బతికే షెడ్డు కుక్కలో ఈ లోపాలన్నీ ఒకేచోట ఉంటాయి. అదే దుమ్ములో తిరిగినా పురుగుల మందు వేసి, రెండు పూటలా తిండి పెట్టే కుక్కకు సీసం తక్కువ ఎక్కడానికి ఇదే కారణం.

వయసు తేడా ఇంకా పెద్దది. పెద్ద కుక్క మింగిన సీసంలో కొద్ది భాగమే, స్థూలంగా పదో వంతు, రక్తంలోకి వెళ్తుంది. పిల్లల్లో అది సగం దాకా ఉంటుంది. మెదడుకు అడ్డుగోడ ఇంకా గట్టిపడని వయసు కాబట్టి ఫిట్స్ వచ్చేది ఎక్కువగా ఆరు నెలల లోపు పిల్లలకే. షెడ్డు వెనక ఈనిన కుక్క పాలలో కూడా సీసం దిగుతుంది. పాలకోసం ఎముకల్లోంచి కాల్షియం కరిగినప్పుడు అక్కడ దాగిన సీసం దాంతోపాటే బయటికి వస్తుంది.

ఒంట్లోకి పోయాక ఏం చేస్తుంది

ఒకసారి తొడకండలో దిగి ఉండిపోయిన సీసపు గుండు ఏళ్ల తరబడి పెద్దగా హాని చేయకపోవచ్చు. కడుపులో పడిన అదే గుండు ఆమ్లంలో కొద్దికొద్దిగా కరుగుతూ రక్తంలో కలుస్తుంది. అంతే బరువున్న పొడికి ఆమ్లం తగిలే ఉపరితలం వందల రెట్లు ఎక్కువ కాబట్టి ఇంకా త్వరగా కరుగుతుంది. రక్తంలో చేరిన సీసంలో 90 శాతానికి పైగా ఎర్ర కణాలనే పట్టుకుని తిరుగుతుంది. అక్కడ హీమోగ్లోబిన్ తయారీలో పనిచేసే రెండు ఎంజైములను అడ్డుకుంటుంది. దీంతోపాటు ఇంకా పరిపక్వం కాని, కేంద్రకం పోని ఎర్ర కణాలు మజ్జ నుంచి బయటికి వచ్చేస్తాయి.

నరాల దగ్గర సీసం కాల్షియంలా నటిస్తుంది. ఒక నరం నుంచి ఇంకో నరానికి సందేశం వెళ్లాలంటే కాల్షియం కావాలి, ఆ చోటును సీసం ఆక్రమిస్తుంది. పేగు కదలికలు తప్పి కడుపునొప్పి, వాంతులు, ఒకరోజు మలబద్ధకం, ఇంకోరోజు విరేచనాలు వస్తాయి. మెదడు మీద పనిచేస్తే ఉలికిపాటు, గోడల వెంబడి పరుగులు, దవడలు కొట్టుకోవడం, చూపు మందగించడం, ఫిట్స్. కొన్ని వారాల తర్వాత రక్తంలోని సీసంలో ఎక్కువ భాగం ఎముకల్లోకి వెళ్లి కూర్చుంటుంది. అందుకే కుక్క కోలుకున్నట్టు కనిపించి మళ్లీ పడిపోతుంది.

ఎంత తక్కువ మోతాదుతో ఇదంతా జరుగుతుందో ఇంకో లెక్క చెబుతుంది. 15 కిలోల కుక్క ఒంట్లో సుమారు లీటరుంబావు రక్తం ఉంటుంది. డెసిలీటరుకు (100 మిల్లీలీటర్లకు) 35 మైక్రోగ్రాములు ఉంటే, లక్షణాలతో కలిపి చూసి, సీసం విషమని పశువైద్యులు భావిస్తారు. ఆ స్థాయికి రక్తం మొత్తంలో ఉండాల్సిన సీసం అర మిల్లీగ్రాముకు లోపే.

జింకు దారి వేరు. మింగిన నట్టు కడుపులోనే ఉండి కరుగుతుంది. ముందు వాంతులు, తిండి మానడం. రెండు మూడు రోజుల్లో ఎర్ర కణాలు రక్తనాళాల్లోనే పగిలిపోవడం మొదలై చిగుళ్లు పాలిపోతాయి, కళ్లు పచ్చబడతాయి, మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారుతుంది. సీసం నెలల తరబడి నడిచే జబ్బైతే జింకు వారంలో ప్రాణం తీయగలదు. అయితే ముక్కను బయటికి తీస్తే రక్తంలో జింకు త్వరగా పడిపోతుంది.

రేబిస్ అనుకుని, పిడుదుల జ్వరం అనుకుని

నోట చొంగ, దవడల కొట్టుకోవడం, ఉన్నట్టుండి అరుపులు, పరుగులు కనిపిస్తే ఎవరికైనా మొదట తోచేది పిచ్చికుక్క అనే. అలా అనుకోవడం తప్పు కూడా కాదు. రేబిస్ ఉందో లేదో బతికున్న కుక్కను చూసి తేల్చలేరు, ఖచ్చితమైన నిర్ధారణ చనిపోయాక మెదడు కణజాలంతోనే జరుగుతుంది. కాబట్టి నరాల లక్షణాలున్న వీధి కుక్క నోట్లో చేయి పెట్టకూడదు, మందు మింగించే ప్రయత్నం చేయకూడదు. కరిస్తే లేదా చొంగ గాయానికి తగిలితే సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకా మొదలుపెట్టాలి. సీసం అనుమానం ఎంత బలంగా ఉన్నా ఈ జాగ్రత్తలో సడలింపు ఉండకూడదు.

అయినా తేడాలు ఉన్నాయి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక కుక్క సాధారణంగా పది రోజుల్లోపే చనిపోతుంది, మధ్యలో కోలుకోవడం ఉండదు. సీసం ఎక్కిన కుక్క రెండు రోజులు బాగుండి, మళ్లీ తిరగబెడుతుంది. నరాల లక్షణాలకు ముందో, వాటితోపాటో వాంతులు, కడుపునొప్పి ఉంటాయి. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బులో కంటి పుసులు, ముక్కు కారడం, దగ్గు, కాలో తలో ఒకే లయలో ఎగిరిపడటం కనిపిస్తాయి. అదే షెడ్డులో రెండు మూడు కుక్కలు, అందులోనూ పిల్లలు, కొన్ని వారాల తేడాలో ఒకే రకంగా జబ్బు పడితే లోహం అనుమానం పెరగాలి.

రక్తహీనత విషయంలో పొరపాటు ఇంకా ఎక్కువ. ఈ ప్రాంతపు కుక్కల్లో పిడుదుల ద్వారా సోకే ఎర్లిషియా, బబేసియా మామూలే. పాలిపోయిన కుక్కకు డాక్సీసైక్లిన్ మొదలుపెట్టడం చాలాసార్లు సరైన పనే. కానీ ఎర్లిషియాలో సాధారణంగా ప్లేట్‌లెట్లు పడిపోతాయి. సీసంలో రక్తహీనత స్వల్పంగా ఉన్నా కేంద్రకం ఉన్న ఎర్ర కణాలు లెక్కకు మించి కనిపిస్తాయి. 100 తెల్ల కణాలకు 5 నుంచి 40 దాకా ఉండొచ్చు. పచ్చకామెర్లు, ఎర్ర మూత్రం ఉండి, స్మియర్‌లో (గాజుపలక మీద పరిచిన రక్తపు చుక్కలో) బబేసియా దొరక్కపోతే కడుపు ఎక్స్‌రే తీయాలి. మెరిసే తెల్లటి చుక్క కనిపిస్తే సగం జవాబు దొరికినట్టే. ఎక్స్‌రేలో ఏమీ లేకపోతే జింకు అవకాశం బాగా తగ్గుతుంది, సీసాన్ని మాత్రం కొట్టిపారేయలేం. దుమ్ము ఎక్స్‌రేలో పడదు.

పరీక్ష: ఏ ట్యూబు, ఏ అంకె

సీసం ఎర్ర కణాల్లో ఉంటుంది కాబట్టి సీరం పంపితే తక్కువ అంకె వచ్చి మోసం చేస్తుంది. 2 మిల్లీలీటర్ల మొత్తం రక్తం హెపారిన్ ట్యూబులోనో, ఈడీటీఏ ట్యూబులోనో తీయాలి. ఏది కావాలో ల్యాబ్‌ను ముందే అడగాలి, ఒక్కో మిషన్‌కు ఒక్కో పద్ధతి. సెంట్రిఫ్యూజ్ చేయకూడదు, గడ్డకట్టించకూడదు, ఫ్రిజ్‌లో పెట్టి పంపాలి. ఇంకో చిన్న విషయం చాలాచోట్ల మరిచిపోతారు. షెడ్డు కుక్క చర్మం మీదే సీసం దుమ్ము ఉంటుంది. సూది గుచ్చే చోట బొచ్చు కత్తిరించి, సబ్బునీళ్లతో కడిగి, తర్వాత స్పిరిట్‌తో తుడవకపోతే సూది వెంట దుమ్ము కూడా ట్యూబులోకి పోతుంది. బొచ్చు పరీక్షను నమ్మలేకపోవడానికీ ఇదే కారణం. బయట అంటుకున్నది, లోపల నుంచి వచ్చింది వేరుచేయడం కష్టం.

లోహాల పని లేని ఇళ్లలో ఉండే కుక్కల్లో సీసం సాధారణంగా డెసిలీటరుకు 10 మైక్రోగ్రాముల లోపు ఉంటుంది. 35 దాటి లక్షణాలుంటే సీసం విషమని తీసుకుంటారు, 60 దాటితే లక్షణాలు లేకపోయినా నిర్ధారణే. ఇక్కడ ఒక మెలిక ఉంది. అంకెకూ జబ్బు తీవ్రతకూ నేరుగా పొంతన ఉండదు. ఎప్పుడో ఎక్కిన సీసం ఎముకల్లోకి వెళ్లిపోయి రక్తంలో 25 మాత్రమే కనిపించే కుక్కకు ఫిట్స్ రావచ్చు. నిన్ననే బ్యాటరీ బురద నాకిన కుక్క 70 ఉండి కూడా తోక ఊపుతూ తిరగవచ్చు.

ఎర్ర కణాల మీద నీలపు చుక్కలు కూడా సీసానికి ఆనవాలే కానీ ఈడీటీఏ ట్యూబులో ఉంచిన రక్తంలో అవి చెదిరిపోవచ్చు. స్మియర్‌ను సూది మొన నుంచి వచ్చిన తాజా చుక్కతోనే వేయాలి. జింకుకు ట్యూబు మరీ ముఖ్యం. మామూలు రబ్బరు మూతల్లో, కొన్ని ప్లాస్టిక్ సిరంజీల పిస్టన్ రబ్బరులో జింకు ఉంటుంది, అది రక్తంలోకి దిగి అంకెను పెంచేస్తుంది. ముదురు నీలం మూత ఉన్న ట్రేస్ ఎలిమెంట్ ట్యూబే వాడాలి. సీరం జింకు సాధారణంగా మిల్లీలీటరుకు 0.7 నుంచి 2 మైక్రోగ్రాములు, విషం ఎక్కిన కుక్కల్లో చాలాసార్లు 10 దాటుతుంది.

తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల, 2005 నుంచి శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉండటం ఈ ప్రాంతానికి కలిసివచ్చే విషయం. కుక్కను తీసుకెళ్లినప్పుడు తిండి, టీకాలతోపాటు అది ఏ పని జరిగే షెడ్డులో ఉంటుందో, ఎక్కడ పడుకుంటుందో, ఏ నీళ్లు తాగుతుందో చెప్పాలి. వైద్యుడు అడగకపోయినా చెప్పాలి. లోహం అనుమానం దాదాపు ఎప్పుడూ ఆ ఒక్క మాటతోనే మొదలవుతుంది.

వైద్యంలో వరస ముఖ్యం

ముందు ఫిట్స్ ఆపాలి. తర్వాత కడుపు ఖాళీ చేయాలి. ఆ తర్వాతే సీసాన్ని పట్టి మూత్రంలోకి పంపే మందు. ఈ వరస తప్పితే ప్రమాదం. పేగులో సీసం ఇంకా ఉండగానే కాల్షియం డైసోడియం ఈడీటీఏనో, పెనిసిలమైనో మొదలుపెడితే అక్కడి సీసం ఇంకా ఎక్కువగా ఒంట్లోకి లాగబడుతుంది. పేగులో ఉన్నదాన్ని సల్ఫేటు విరేచనకారితో కరగని రూపంలోకి మార్చి బయటికి పంపుతారు. పెద్ద ముక్క ఉంటే ఎండోస్కోపీ, లేకపోతే ఆపరేషన్.

కాల్షియం డైసోడియం ఈడీటీఏ మోతాదు రోజుకు కిలో బరువుకు 100 మిల్లీగ్రాములు, నాలుగు భాగాలుగా, చర్మం కింద, వరసగా 5 రోజులు మించకుండా. 15 కిలోల కుక్కకు ఒక్కో విడత 375 మిల్లీగ్రాములు. దాన్ని 5 శాతం డెక్స్‌ట్రోస్‌లో 1 శాతానికి పలచన చేస్తే విడతకు 37 మిల్లీలీటర్లు దాటుతుంది. ఒకేచోట ఎక్కిస్తే నొప్పి, వాపు. రెండు మూడు చోట్ల పంచాలి. మూత్రపిండాలకు దెబ్బ తగలకుండా సెలైన్ తప్పనిసరి. అన్నిటికంటే పెద్ద ప్రమాదం సీసా మీది పేరులో ఉంది. కాల్షియం అన్న మాట లేని డైసోడియం ఈడీటీఏ వేరే మందు. అది రక్తంలోని కాల్షియాన్నే లాగేసి గుండెను ఆపగలదు.

నోటి ద్వారా ఇచ్చే సక్సిమర్ కిలోకు 10 మిల్లీగ్రాములు, రోజుకు మూడుసార్లు, 10 రోజులు. పేగులో సీసం మిగిలి ఉన్నా దీనితో అది ఎక్కువగా పీల్చుకోబడదు, మూత్రపిండాల మీద భారం కూడా తక్కువ. ఏ మందు వాడినా ఆపిన తర్వాత పది పదిహేను రోజులకు రక్తం మళ్లీ చూడాలి. ఎముకల్లోంచి సీసం వెనక్కి వచ్చి అంకె మళ్లీ లేవడం మామూలే.

జింకుకు ఈ మందుల అవసరం చాలాసార్లు ఉండదు. ముక్క తీసి, అవసరమైతే రక్తం ఎక్కించి, మూత్రపిండాలను కాపాడితే చాలు.

షెడ్డుల్లో అలవాటుగా చేసే వైద్యాల గురించి కూడా చెప్పాలి. వాంతి కావాలని ఉప్పునీళ్లు పట్టిస్తే రక్తంలో సోడియం పెరిగి దానివల్లే ఫిట్స్ రావచ్చు. చింతపండు పులుసు ఇంకా చెడ్డది. అందులోని టార్టారిక్ ఆమ్లం కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తుందని ఈ మధ్యే గుర్తించారు. పాలు పోస్తే విషం విరుగుతుందన్న నమ్మకంలో అర్ధసత్యం ఉంది. కాల్షియం సీసంతో పోటీపడుతుంది, కానీ అప్పటికే రక్తంలో, ఎముకల్లో చేరినదాన్ని బయటికి తీయలేదు.

నేలను బాగుచేయడం

వైద్యం పూర్తిచేసి కుక్కను తిరిగి అదే గుంటలో పడుకోనిస్తే కొన్ని వారాల్లో అంకె మొదటికి వస్తుంది. మందు మీద పెట్టిన ఖర్చు నేల మీద పెట్టకపోతే వృథా.

పొడి చీపురుతో ఊడ్వడం మానేయడమే మొదటి పని. ఊడిస్తే బరువైన ముక్కలు చేటలోకి, మెత్తని పొడి గాలిలోకి పోతాయి. ప్రమాదం ఆ మెత్తని పొడితోనే. నీళ్లు చిలకరించి, తడిగా గీకి, వచ్చిన బురదను మూత ఉన్న డ్రమ్ములో వేసి, ప్లేట్ల తుక్కుతో కలిపి అనుమతి ఉన్న రీసైక్లర్‌కే పంపాలి. పాత బ్యాటరీలు అధికారిక మార్గంలోనే వెనక్కి వెళ్లాలని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు చెబుతున్నాయి. తర్వాత రెండు బకెట్లతో తుడవాలి, ఒకదాంట్లో డిటర్జెంటు నీళ్లు, ఇంకోదాంట్లో గుడ్డ పిండడానికి మంచి నీళ్లు. ఒకే బకెట్ వాడితే సీసాన్ని షెడ్డంతా సమంగా పూసినట్టవుతుంది. ఆ నీళ్లు కాలవలో పోయకూడదు. యాసిడ్ ఒలికిన చోట సున్నమో, వంటసోడానో చల్లడం మంచి అలవాటే, కానీ దాంతో చచ్చేది యాసిడ్ మాత్రమే. నురగ ఆగగానే పని అయిపోయిందనుకుని వదిలేస్తే సీసం అక్కడే ఉంటుంది.

మట్టి నేలైతే పై పొర గీకేసి మూడు నాలుగు అంగుళాల కాంక్రీటు వేయాలి. పలచని సిమెంటు పూత బ్యాటరీల బరువుకు పగిలి, ఆ పగుళ్లలోనే దుమ్ము చేరుతుంది. ప్లేట్లు కడిగే చోటికి కుక్క వెళ్లకుండా మెష్ కట్టాలి. ఆ మెష్ జీఐది అయినా ఫర్వాలేదు, కట్టాక మిగిలిన తీగ ముక్కలు నేల మీద వదలకూడదు. తిండిగిన్నె, నీళ్లతొట్టి గాలి వచ్చే వైపు, షెడ్డుకు బయట ఉండాలి. చల్లటి చోటు కావాలి కాబట్టి ఎండాకాలంలో బయట నీడలో తడి గోనెసంచి పరిస్తే చాలు, కుక్క గుంట వెతుక్కోదు. వారానికోసారి మామూలు షాంపూతో, చేతులకు గ్లవ్స్ వేసుకుని స్నానం చేయించాలి. పొడిగా దువ్వితే దుమ్ము దువ్వేవాళ్ల ముక్కులోకి పోతుంది.

ఆవులకు, పిల్లలకు ఇదే నేల

పాడి మీద బతికే జిల్లాలో ఈ విషయం కుక్కతో ఆగిపోదు. పొలం గట్టున పారేసిన పాత ట్రాక్టర్ బ్యాటరీని ఆవు నాకుతుంది, పగిలిన ప్లేటు ముక్కను మింగుతుంది. కుక్క కడుపులో పడింది వాంతిగానో, విరేచనంగానో బయటికి పోయే అవకాశం ఉంది. ఆవు మింగిన బరువైన ముక్క కడుపు రెండో గదిలో చిక్కుకుని నెలల తరబడి కరుగుతుంది. చూపు పోయి, గోడకు తల ఆనించి నిలబడే ఆవును చూసి పాముకాటు అనుకునే సందర్భాలుంటాయి. బతికి బయటపడినా దాని పాలలో సీసం ఉందో లేదో తేలేదాకా వాడకూడదు.

పిల్లల విషయం ఇంకా తీవ్రం. 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ అనే సంస్థ కలిసి వెలువరించిన అంచనా ప్రకారం ప్రపంచంలో సుమారు 80 కోట్ల మంది పిల్లల రక్తంలో సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు దాటింది, అందులో 27.5 కోట్ల మంది భారతదేశంలోనే ఉన్నారు. కుక్కకు 35ను హద్దుగా పెట్టుకున్నాం. పిల్లలకు 5 దగ్గరే ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సెనెగల్ రాజధాని డకార్ శివారులో పాత బ్యాటరీల మట్టిని జల్లెడ పట్టి సీసం ఏరుకున్న పేటలో 2007 నవంబరు, 2008 మార్చి మధ్య 18 మంది పిల్లలు చనిపోయారు. జపాన్‌లోని మినమాటాలో మనుషులకు వచ్చిన నరాల జబ్బు 1956లో అధికారికంగా బయటపడింది, దానికి కారణం పాదరసమని తర్వాత తేలింది. మనుషుల్లో గుర్తించక ముందే అక్కడి పిల్లులు వింతగా ఎగిరి గంతులేసి చనిపోవడం జనం చూశారు.

షెడ్డు కుక్కలో సీసం అంకె పెరిగితే పనివాళ్ల రక్తం చూడటం, పనిబట్టలు ఇంటికి వేసుకెళ్లకుండా షెడ్డులోనే మార్చుకోవడం, ఇంట్లో ఆరేళ్ల లోపు పిల్లలుంటే వాళ్లకు పరీక్ష చేయించడం ఒకదాని వెంట ఒకటి జరగాలి. 1948 నాటి కర్మాగారాల చట్టం తప్పనిసరిగా తెలియజేయాల్సిన వృత్తిజబ్బుల పట్టికలో సీసం విషాన్ని మొట్టమొదట పెట్టింది. ఇద్దరు ముగ్గురు పనిచేసే షాపుల దాకా ఆ నిఘా రాలేదు.

ఆ లోటును కొంత పూడ్చే అవకాశం ఇప్పటికే నడుస్తున్న ఒక కార్యక్రమంలో ఉంది. 2023 జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధి కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలని ఉంది. ఏ చోట పట్టారో రాసి పెట్టుకుంటేనే అది సాధ్యం. మత్తులో ఉన్న కుక్క నుంచి ఇంకో 2 మిల్లీలీటర్ల రక్తం తీయడానికి నిమిషం పట్టదు. ఆటోనగర్‌లో పట్టిన వాటి అంకెలను, ఏ పరిశ్రమా లేని పేటల్లో పట్టిన వాటి అంకెలతో పక్కపక్కన పెడితే ముందు ఏ వీధి నేలను కడగాలో తెలుస్తుంది.